విద్యార్థికి స్వేచ్ఛ, గురువుకు బాధ్యత

పరీక్షా ఫలితములు వెలువడిన దినమునుండి మన యిండ్లలో ఒకే చర్చ నడచును. పిల్లవాడు ఏ గ్రూపులో చేరవలెను? అమ్మాయి ఏ శాస్త్రము తీసికొనవలెను? మేనమామ ఒక మాట చెప్పును. ప్రక్కయింటి పెద్దమనిషి అందుకు విరుద్ధమైన మాట చెప్పును. పట్నములో ఉద్యోగము చేయుచున్న బంధువునకు ఫోను చేసి ఆయన అభిప్రాయమును కూడ తెలిసికొందురు. ఇంటిల్లిపాదియు మాటలాడిన తరువాత నోరు విప్పనివాడు ఒక్కడే మిగులును. వాడే చదువవలసిన విద్యార్థి. వానిని అడిగినను ఏమి చెప్పగలడు? తాను ఎన్నడును చూడని శాస్త్రములలో తనకు ఏది సరిపడునో పదునారేండ్లవానికి ఎట్లు తెలియును?

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కళాశాలలు దీనితో 150 సంవత్సరములకు పైగా పెనగులాడినవి. నేడు అక్కడి కళాశాలలో చేరిన విద్యార్థి సాధారణముగా మొదటి యొకటి రెండు సంవత్సరములు పలు శాస్త్రములను పరిచయము చేసికొని, పిమ్మట ఒకదానిని తన ప్రధాన విషయముగా ఎన్నుకొనును. దానిని వారు ‘మేజర్’ అందురు. ఆ యెన్నికలో తోడ్పడుటకు ఒక సలహాదారు ఉండును. గణితములో వెనుకబడినవానికి ట్యూటర్లు, వ్యాసరచనలో తడబడువానికి రచనా కేంద్రము ఆ యావరణములోనే ఉండును. స్వేచ్ఛ, సహాయము అను ఈ రెండింటిని ప్రక్కప్రక్కన చూచినవారు అవి కవలపిల్లలని తలతురు. చరిత్ర అట్లు చెప్పుట లేదు. స్వేచ్ఛ ముందు పుట్టినది. సహాయము చాల ఆలస్యముగా, నష్టము కండ్లకు కనబడిన తరువాత పుట్టినది. ఈ రెండు జన్మముల నడుమ జరిగిన కథను శ్రోతలకు వినిపింపవలెనని నా యుద్దేశము.

హార్వర్డు కళాశాల 1636లో స్థాపితమైనది. అది మొదలుకొని దాదాపు రెండు శతాబ్దముల కాలము అమెరికా విద్యార్థికి ఎంపిక అను ప్రశ్నయే లేదు. లాటిను, గ్రీకు, గణితము, తర్కము అందరికిని సమానము. చివరి సంవత్సరమున నీతిశాస్త్రమును తరచుగా కళాశాలాధ్యక్షుడే స్వయముగా బోధించెడివాడు. మన వీథిబడులలో బాలశిక్షను అందరును వల్లించినట్లే అక్కడ తరగతియంతయు ఒకే పాఠమును ఒకే గంటలో అప్పగించెడిది. ఈ పద్ధతిలో ఒక సుఖము కలదు. దారి తప్పుటకు అవకాశము లేదు, ఉన్నది ఒకే దారి కనుక. చదివినవారందరికిని ఉమ్మడి జ్ఞానము ఒకటి ఏర్పడెడిది. కాని రసాయనము, భూగర్భశాస్త్రము, ఆధునిక భాషలు తలుపువద్ద నిలిచి లోనికి వచ్చుటకు చోటు లేక వెనుదిరుగుచుండెను.

ఆ తలుపును మొదట గట్టిగా తట్టినవాడు థామస్ జెఫర్సను. అధ్యక్ష పదవినుండి విరమించిన తరువాత తన వార్ధక్యమున ఆయన వర్జీనియా విశ్వవిద్యాలయమును నిర్మించెను. అది 1825లో ఎనిమిది విభాగములతో తెరువబడినది. ఏ విభాగమున చేరవలెనో విద్యార్థి యిష్టము. ఆవరణమునకు శిరస్సువలె, సాధారణముగా దేవాలయము ఉండెడి చోట, గ్రంథాలయమును నిలిపినాడు. ఆయన భావములో జ్ఞానము విద్యార్థి తానై వెదకికొనవలసినది.

ఇందుకు ప్రత్యుత్తరమా అన్నట్లు 1828లో యేల్ కళాశాలాచార్యులు ఒక నివేదికను ప్రకటించిరి. మృతభాషలను పాఠ్యప్రణాళికనుండి తొలగింపవలెనన్న సూచనను వారు ఖండించిరి. ముందుగా మనస్సునకు వ్యాయామము కావలెను, ఆ పిమ్మటనే దానిలో సరకు నింపవలెను అని వారి వాదము. ఈ వాదమును వట్టి ఛాందసమని త్రోసివేయుట న్యాయము కాదు. పునాది లేనివానికి ఎంపిక వలన లాభమేమి యని వారు అడిగిన ప్రశ్న తరువాత కాలమున పలుమారులు తిరిగి లేచినది.

అయితే కాలము వాదమునకై ఆగలేదు. 1862లో అధ్యక్షుడు లింకను సంతకము చేసిన మోరిల్ శాసనము ప్రకారము, కాంగ్రెసులో ప్రతి రాష్ట్రమునకు గల సభ్యుల సంఖ్యను బట్టి సభ్యునికి 30,000 ఎకరముల చొప్పున భూమి ఆ రాష్ట్రమునకు లభించెను. దానిని విక్రయించి వచ్చిన ధనముతో వ్యవసాయము, యంత్రశిల్పము బోధించు కళాశాలలు నెలకొల్పవలెను. ఈ ధనము కొంత ఆధారముగా కార్నెల్ విశ్వవిద్యాలయము 1868లో తెరచుకొనెను. ఎవరికైనను ఏ విషయమైనను నేర్చుకొను వసతి కల్పింపవలెనని దాని స్థాపకుడు ఎజ్రా కార్నెల్ ఆశయము. ఇట్లు శాస్త్రములు పెరిగిపోయినవి. అన్నిటిని నాలుగేండ్లలో అందరికిని చెప్పుట ఇక అసాధ్యమైనది. కావున ఎంపికయనునది కళాశాలలు ఔదార్యముతో ఇచ్చిన వరము మాత్రమే కాదు. జ్ఞానము పెరిగిన కొలది తప్పనిసరియైన అవసరము.

ఈ అవసరమును సిద్ధాంతముగా మార్చినవాడు చార్లెస్ విలియం ఎలియట్. ఆయన రసాయన శాస్త్రజ్ఞుడు. 1869లో, 35 ఏండ్ల వయస్సులో, హార్వర్డు అధ్యక్షుడై 1909 వరకు 40 సంవత్సరములు ఆ పీఠముపై నిలిచెను. నిర్బంధ పాఠములను ఆయన ఒక్కసారిగా తొలగింపలేదు. తరగతి తరగతిగా సడలించెను. నాలుగవ సంవత్సరమువారికి 1872లో, మూడవ సంవత్సరమువారికి 1879లో, రెండవ సంవత్సరమువారికి 1884లో నిర్బంధము తొలగెను. 1897 నాటికి నిర్బంధమై మిగిలినది మొదటి సంవత్సరపు ఆంగ్ల రచన యొక్కటే. పదునెనిమిదేండ్ల యువకుని సహజమైన మొగ్గు ఏ పండితుల సంఘమునకంటెను ఆ యువకునికే బాగుగా తెలియునని ఎలియట్ విశ్వాసము.

ప్రిన్స్‌టన్ కళాశాలాధ్యక్షుడు జేమ్స్ మకాష్ దీనిని అంగీకరింపలేదు. 1885లో న్యూయార్కు నగరమున వీరిద్దరును ఒకే వేదికపై వాదించుకొనిరి. యువకునికి పూర్ణస్వేచ్ఛ ఇచ్చినచో అతడు శ్రేష్ఠమైనదానిని గాక సులభమైనదానిని కోరునని మకాష్ హెచ్చరించెను. ఆనాడు సభలో ఎవరు గెలిచిరన్నది ముఖ్యము కాదు. తీర్పు చెప్పినది పదమూడేండ్ల తరువాతి లెక్క. 1898లో హార్వర్డునుండి పట్టము పొందిన తరగతిలో సగమునకు మించినవారు ప్రారంభ పాఠములను దాటి లోతునకు పోలేదనియు, ఏదో యొక విషయముపై దృష్టిని నిలుపక చదువు ముగించినవారు మరింత అధికమనియు తేలెను. గంపలో పది రకముల పండ్లు ఏరుకొని ఒకదానినైనను పూర్తిగా తినక లేచిపోయినవారివలె వారు కళాశాల వీడిరి.

అంత మాత్రమున ఎలియట్ పద్ధతి విఫలమైనదని చెప్పుటకు వీలులేదు. అదే కాలమున, అదే ప్రాంగణమున, అదే స్వేచ్ఛను అమృతముగా త్రాగిన విద్యార్థి యొకడు కలడు. ఆతని పేరు డబ్ల్యూ. ఇ. బి. డు బోయిస్. నల్లజాతి యువకుడు. టెనెసీ రాష్ట్రములోని ఫిస్క్ విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొని 1888లో హార్వర్డునకు వచ్చి, మూడవ సంవత్సరపు తరగతిలో తిరిగి చేరెను. తోడి విద్యార్థుల సంఘములు ఆతనికి తెరువబడలేదు. ఆవరణమునకు వెలుపల ఒక నల్లజాతి కుటుంబమువారి యింట గది అద్దెకు తీసికొని నివసించెను. ఆతనికి మిగిలినది పాఠముల యెంపిక. ఏ ఆచార్యునివద్ద కూర్చుండవలెనో తానే నిర్ణయించుకొని తత్త్వశాస్త్రమువైపు నడచెను.

ఆ శాస్త్రమును బోధించుచుండినవాడు విలియం జేమ్స్. ఆ యాచార్యుడు ఈ యువకుని పలుమారులు తన యింటికి ఆహ్వానించెను. ఇతనికి తత్త్వశాస్త్రముపై గల అనురాగమును ఎరిగియు, దానితో జీవిక గడపుట కష్టమని నిర్మొహమాటముగా చెప్పెను. డు బోయిస్ ఆ మాటను తేలికగా తీసికొనలేదు. తత్త్వశాస్త్రములోని విమర్శ దృష్టిని విడువకయే చరిత్రవైపు, సమాజ పరిశీలనవైపు మరలెను. 1895లో హార్వర్డులో డాక్టరేటు పొందిన తొలి నల్లజాతీయుడు ఆయనయే. ఆ సిద్ధాంత వ్యాసము బానిసల వ్యాపారమును అణచివేసిన చరిత్రను గూర్చినది.

ఇందు రెండు సంగతులను గమనింపవలెను. మొదటిది, సలహా చెప్పిన జేమ్స్ తానే ఒక పెద్ద బాటసారి. యౌవనమున చిత్రలేఖనము నేర్చెను. దానిని విడిచి 1861లో హార్వర్డులో రసాయనము మొదలిడెను. అప్పుడు ఆయనకు రసాయనము చెప్పినది ఎలియట్టే! అచ్చటినుండి శరీరనిర్మాణ శాస్త్రమునకు, వైద్యమునకు, మనశ్శాస్త్రమునకు, తుదకు తత్త్వశాస్త్రమునకు చేరెను. దారులు మారిన కష్టము తెలిసినవాడు కనుకనే ఆయన సలహాకు విలువ వచ్చినది. రెండవది, డు బోయిస్ హార్వర్డులో వ్రాసిన తొలి ఆంగ్ల వ్యాసమునకు మిక్కిలి తక్కువ మార్కు వచ్చెను. తన భావములు తీవ్రమైనవి, సత్యమైనవి. శైలిని ఎవరు పట్టించుకొందురులే యని ఆయన తలచియుండెను. ఆ దెబ్బకు ఆయన అలిగి కూర్చుండలేదు. రచనను మరింతగా నేర్పు తరగతులలో తానై చేరి సాధన చేసెను. 1903లో వెలువడిన ఆయన గ్రంథము ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ నేటికిని అమెరికా గద్యములో ఉత్తమ శ్రేణికి చెందినది.

డు బోయిస్‌కు జేమ్స్ లభించుట అదృష్టము. అందరికిని అట్టి యదృష్టము పట్టదు. అదృష్టమును ఏర్పాటుగా మార్చుట ఎట్లు? ఈ ప్రశ్నకు మొదట సమాధానము వెదకిన సంస్థ బాల్టిమోరు నగరములోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము. 1876లో అది తెరువబడినపుడు దాని అధ్యక్షుడు డేనియల్ గిల్మన్, విద్యార్థిని పూర్తిగా కట్టివేయుట గాని పూర్తిగా విడిచివేయుట గాని తగదని భావించెను. పాఠములను కొన్ని వర్గములుగా అమర్చి, వర్గములలో ఏదో యొకదానిని కోరుకొను స్వేచ్ఛ నిచ్చెను. ఆచార్యులను విద్యార్థులకు సలహాదారులుగా నియమించు పద్ధతి అక్కడ 1877లో ఏర్పడెను. ప్రధాన, ఉపప్రధాన విషయములను తెలుపు ‘మేజర్’, ‘మైనర్’ అను మాటలు మొదటిసారిగా కనబడినది కూడ ఆ విశ్వవిద్యాలయపు 1877–78 నాటి ప్రకటన పత్రములోనే. అనగా ‘మేజర్’ అను మాటయు, సలహాదారు అను వ్యక్తియు అక్కడ ఒకే పంచలో కాలు మోపినారు.

ఆ విశ్వవిద్యాలయమునకు 1883లో ఒక యువ న్యాయవాది వచ్చి చేరెను. న్యాయశాస్త్రము చదివి అట్లాంటా నగరమున వృత్తి ప్రారంభించి, అది తనకు సరిపడదని గ్రహించి, చరిత్రయు రాజనీతియు చదువ వచ్చినవాడు. ఆతడే తరువాత దేశాధ్యక్షుడైన ఉడ్రో విల్సన్. ప్రిన్స్‌టన్‌కు అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, 1905లో, దాదాపు ఏబదిమంది యువ ఉపాధ్యాయులను ఒక్కసారిగా నియమించి, చిన్న చిన్న జట్లుగా విద్యార్థులతో కూర్చుండి చదివినదానిని చర్చించు పద్ధతిని ఆయన నెలకొల్పెను. తప్పుదారిలో నడిచిన యనుభవము ఒక్కొక్కప్పుడు మంచి సంస్థలకు జన్మస్థానమగును.

ఇప్పుడు పశ్చిమ తీరమునకు పోదము. కార్నెల్‌లో తొలి తరగతులలో చదివిన డేవిడ్ స్టార్ జోర్డన్ మత్స్యశాస్త్రజ్ఞుడు. ఆయన ఇండియానాలో అధ్యక్షుడుగా ఉండగా ప్రధాన విషయ పద్ధతిని అమలుపరచి, 1891లో కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము తెరువబడగనే దానికి తొలి అధ్యక్షుడై అదే పద్ధతిని అక్కడ నాటెను. విద్యార్థి ఒక ప్రధాన విషయమును కోరుకొనును. ఆ విషయమును చెప్పు ఆచార్యుడే వానికి మార్గదర్శి.

ఆ తొలి సంవత్సరమున చేరినవారిలో హెర్బర్టు హూవరు అను బాలుడు ఒకడు. అయోవాలో ఒక కమ్మరి కుమారుడు. తొమ్మిదేండ్లు నిండి పదియవ యేట నున్నప్పటికే తల్లిదండ్రులిద్దరును మరణించిరి. ఒరెగాను రాష్ట్రములో మేనమామ యింట పెరిగి, ఆయన కార్యాలయములోనే చిన్న పనులు చేయుచు, రాత్రిబడిలో చదువుకొనెను. స్టాన్‌ఫర్డు ప్రవేశ పరీక్షలో గణితము తప్ప తక్కిన విషయములలో ఆతడు నిలువలేకపోయెను. పరీక్ష నిర్వహించిన గణితాచార్యుడు జోసెఫ్ స్వెయిన్ పత్రములోని మార్కులను మాత్రమే చూడలేదు. పత్రము వ్రాయుచున్న బాలుని పట్టుదలను కూడ చూచెను. వేసవిలోనే వచ్చి ట్యూషను చెప్పించుకొని మరల పరీక్షకు కూర్చుండుమని చెప్పెను. హూవరు అట్లే వచ్చి, తనకు పాఠము చెప్పినవారి గుఱ్ఱములను చూచుకొనుచు చదివెను. తుదకు ఆంగ్లములో మాత్రము కొరతతోనే, దానిని తరువాత తీర్చవలెనను నియమముతో, ప్రవేశము పొందెను.

మొదట యంత్రశిల్పము చదువవలెనని ఆతని తలంపు. కాని భూగర్భశాస్త్రాచార్యుడు జాన్ బ్రానర్ వచ్చిన తరువాత ఆతని మనస్సు మారెను. బ్రానర్ ఆతనికి తన కార్యాలయములో టైపు పనియు, సెలవులలో అర్కన్సా రాష్ట్రపు భూగర్భ పరిశోధనలో పనియు ఇచ్చెను. చేతితో రాళ్ళను పగులగొట్టి చూచిన తరువాతనే ఆ శాస్త్రము తనదని ఆతనికి తెలిసినది. ఇంతలో ఆంగ్లపు బాకీ అట్లే నిలిచియుండెను. పరీక్షకు కూర్చుండుట, తప్పుట; మరల కూర్చుండుట, మరల తప్పుట. పట్టమే దక్కదేమో యను స్థితి వచ్చెను. అప్పుడు శిలాజశాస్త్రమును బోధించు ఆచార్యుడు పెరిన్ స్మిత్ ఆతడు భూగర్భమును గూర్చి వ్రాసిన యొక వ్యాసమును తీసి, దగ్గర కూర్చుండబెట్టుకొని దోషములు దిద్దించి తిరిగి వ్రాయించెను. దానిని తానే ఆంగ్లశాఖకు తీసికొనిపోయి, ఈ బాలునికి వ్రాయుట వచ్చునని ఒప్పించెను. 1895లో హూవరు పట్టభద్రుడయ్యెను.

ఈ హూవరు తరువాత గనుల ఇంజనీరుగా లోకమంతయు తిరిగి, 1929లో దేశాధ్యక్షుడయ్యెను. ఆ పదవిలో ఆయన చేసిన మంచిచెడ్డల విచారము ఇక్కడ అక్కరలేదు. మన కథకు కావలసినది వేరొక సంగతి. ఆంగ్లములో పదేపదే తప్పిన ఈయన, బ్రానర్ ప్రయోగశాలలో తనకు పరిచయమైన సహాధ్యాయిని, తరువాత తన భార్య అయిన లూ హెన్రీతో కలిసి, గనుల శాస్త్రమును గూర్చి అగ్రికోలా రచించిన 1556 నాటి లాటిను గ్రంథమును ఆంగ్లములోనికి అనువదించి 1912లో ప్రకటించెను. పెరిన్ స్మిత్ ఆనాడు తన శాఖకు సంబంధము లేని పని యని ఊరకుండినచో ఏమయ్యెడిదో ఊహింపుడు.

హార్వర్డు కూడ తన లోటును దిద్దుకొనెను. 1889లోనే కొత్త విద్యార్థులకు సలహాదారుల సంఘము ఏర్పడినను, అసలు మార్పు ఎలియట్ తరువాత 1909లో అధ్యక్షుడైన లోవెల్ తెచ్చినది. పట్టమునకు కావలసిన 16 పాఠ్యాంశములలో కనీసము ఆరు ఒకే రంగమున ఉండవలెననియు, తక్కినవానిలో కొన్ని వేర్వేరు రంగములకు విస్తరింపవలెననియు ఆయన నియమము. ఒకదానిలో లోతు, పెక్కింటిలో పరిచయము. 1914లో చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రములలో విద్యార్థికి ట్యూటర్లను నియమించు పద్ధతి ఆరంభమై క్రమముగా వ్యాపించెను. యేల్ ఆచార్యుల పునాదియు, ఎలియట్ స్వేచ్ఛయు ఇక్కడ రాజీపడినవని చెప్పవచ్చును.

అయితే ఇంతవరకు చెప్పినదంతయు కొలదిమందికే అందిన సౌకర్యము. 1944 నాటి సైనికుల పునరావాస శాసనముతో పరిస్థితి మారెను. రెండవ ప్రపంచ యుద్ధమునుండి తిరిగి వచ్చిన సైనికులలో దాదాపు 22 లక్షలమంది ప్రభుత్వ వ్యయముతో కళాశాలలలో చేరిరి. 1947లో కళాశాల విద్యార్థులలో ఇంచుమించు సగము వారే. కొందరు పెండ్లియైనవారు, కొందరు పుస్తకము ముట్టి యేండ్లు గడచినవారు. ఏమి చదువవలెనో సలహా చెప్పు కేంద్రములు అనేక విశ్వవిద్యాలయములలో అప్పుడు వెలసినవి. గదిలో టీ త్రాగుచు గురువు చెప్పు మాట స్థానమున శిక్షణ పొందిన సలహాదారుల కార్యాలయము వచ్చెను.

1970లో న్యూయార్కు నగర విశ్వవిద్యాలయము ఆ నగరపు ఉన్నత పాఠశాలలలో ఉత్తీర్ణులైనవారందరికిని ద్వారములు తెరచినది. వచ్చినవారిలో ఒక వాక్యమును తిన్నగా వ్రాయలేనివారు వేలమంది. మీనా షాగ్నెస్సీ అను అధ్యాపకురాలు అట్టివారి వ్యాసములను సుమారు 4,000 పరిశీలించి 1977లో ఒక గ్రంథము వ్రాసెను. ఈ తప్పులు మందబుద్ధికి గురుతులు కావు. నేర్చుకొనుచున్నవాడు తనకు తోచిన తర్కముతో చేయునవి. ఆ తర్కమును గురువు తెలిసికొన్నచో దిద్దుట సాధ్యము అని ఆమె నిరూపించెను.

ఇంకొక చిక్కు మిగిలినది. సహాయకేంద్రమునకు పోవుట మొద్దుల పని యను సిగ్గు. అవసరమైనవాడే గుమ్మము తొక్కడు. 1973లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు కాన్సస్ నగర శాఖలో డియానా మార్టిన్ అను విదుషి దీనికొక ఉపాయము కనిపెట్టెను. బలహీనులైన విద్యార్థులను ఏరుట మాని, పెక్కుమంది తప్పుచున్న కఠిన పాఠములను ఏరెను. ఆ పాఠమును అంతకుముందే బాగుగా చదివిన యొక విద్యార్థి మరల తరగతిలో కూర్చుండి విని, పిమ్మట అందరితో కలిసి దానిని చర్చించును. రావలెనన్న ఎవరైనను రావచ్చును. కష్టమైనది పాఠము గాని విద్యార్థి తక్కువవాడు కాడు అను భావము అందులో ఇమిడియున్నది. మొదటి మార్కు కోరువాడును, తప్పుదునని భయపడువాడును ఒకే బల్లవద్ద కూర్చుండిరి. ఈ పద్ధతి తరువాత పలు దేశములకు ప్రాకినది.

ఈ చరిత్రలో అన్నియు మేలిమి ఘట్టములే యని శ్రోతలు తలపవలదు. సలహాదారు అనువాడు పత్రముపై సంతకము చేయువాడుగా మాత్రమే మిగిలిన కళాశాలలు కలవు. ఒక్క సలహాదారుకు వందలమంది విద్యార్థులను అప్పగించిన చోట్లు కలవు. అచ్చట ఏర్పాటు ఉండును, జేమ్స్ ఉండడు. కార్యాలయమును స్థాపించుట సులభము. ఒక బాలుని వ్యాసమును చంకలో పెట్టుకొని వేరొక శాఖ మెట్లెక్కు గురువును సంపాదించుట కష్టము.

ఈ కథకు మన తెలుగు నేలతోను సంబంధము కలదు. తిరుత్తణిలో తెలుగు కుటుంబమున 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రము తీసికొనుట యోచించి చేసిన నిర్ణయము కాదు. అదే కళాశాలలో చదువు ముగించిన జ్ఞాతి సోదరుడు ఒకరు తన తత్త్వశాస్త్ర పుస్తకములను ఆయనకిచ్చిరి. పుస్తకములు కొను శక్తి లేని యింట ఆ సంఘటనయే దారి చూపినది. దాని ఫలితముగా ఒక మహాతత్త్వవేత్త లభించెను, దేశము ధన్యమయ్యెను. కాని ఉచితముగా లభించిన పుస్తకముల వలన సరిపడని శాస్త్రములో చిక్కుకొన్నవారి పేర్లు చరిత్రకు ఎక్కవు కదా!

రాధాకృష్ణన్ గారు 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులుగా ఉండిరి. స్వాతంత్ర్యానంతరము 1948–49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘమునకు అధ్యక్షత వహించిరి. ఆ సంఘములో ఇద్దరు అమెరికనులు సభ్యులు. ఒకరు ఆర్థర్ మోర్గన్. ఓహైయోలోని ఆంటియాక్ కళాశాలలో చదువును, ఉద్యోగానుభవమును మార్చి మార్చి యిచ్చు పద్ధతిని 1921లో ప్రారంభించినవారు. మరియొకరు జాన్ టైగర్ట్. ఫ్లోరిడా విశ్వవిద్యాలయములో కొత్త విద్యార్థులందరికిని సామాన్య విద్యను ముందుగా ఇచ్చు కళాశాలను 1935లో నెలకొల్పినవారు. ప్రత్యేక శాస్త్రముతోపాటు సామాన్య విద్య కావలెననియు, ఉపన్యాసములతో సరిపెట్టక చిన్న జట్లకు ట్యుటోరియల్ బోధన జరుగవలెననియు ఆ సంఘము సిఫారసు చేసినది. దాని నివేదికను మెచ్చుకొన్నంతగా మన కళాశాలలు అమలుపరచలేదు.

మన దేశమున ఎంపిక కళాశాలకు ముందే జరిగిపోవుచున్నది. పదవ తరగతి ముగియగనే గణితమా, జీవశాస్త్రమా, వాణిజ్యమా, చరిత్రయా యని తేల్చుకొనవలెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము వేర్వేరు శాస్త్రములను కలిపి చదువుటకు, ప్రధాన ఉపప్రధాన విషయములను ఎన్నుకొనుటకు దారి చూపినది. మంచిదే. కాని అమెరికా వారి 150 ఏండ్ల యనుభవము మనకొక హెచ్చరిక. పాఠముల పట్టికను పెంచుట సంస్కరణలో సగము మాత్రమే. ఆ పట్టికను చేతబట్టుకొని నిలిచిన బాలుని ప్రక్కన ఎవరు నిలుతురు? ఈ ప్రశ్నకు సమాధానము లేక స్వేచ్ఛ నిచ్చినచో 1898 నాటి హార్వర్డులో జరిగినదే మన ఊరి కళాశాలలోను జరుగును. పైగా హార్వర్డు బాలుని తండ్రికి నష్టమును భరించు శక్తి యుండెను. పొలము కుదువబెట్టి ఫీజు కట్టిన తండ్రికి అది లేదు.

కళాశాలలు మారువరకు ఇంటివారు చేయదగినది కొంత కలదు. పిల్లవానికి ఇష్టమేమియని అడుగుటకు ముందు, ఆ శాస్త్రమును నిత్యము చేయువాని పని ఎట్లుండునో చూపవలెను; హూవరునకు శాస్త్రమును పరిచయము చేసినవి రాళ్ళు గాని ప్రకటన పత్రములు కావు. చేరిన తరువాత పాఠము తెలియనిచో గురువు గదికి పోయి అడుగుట అవమానము కాదని చెప్పవలెను. ఎంచుకొన్నది సరిపడలేదని వాడు ఒకనాడు సెలవులకు వచ్చి తలవంచుకొని చెప్పినప్పుడు, వెచ్చించిన ధనమును ముందుగా లెక్కింపక, వాడు చెప్పునది పూర్తిగా వినవలెను. రంగుల కుంచెను విడిచి, రసాయనమును విడిచి, వైద్యమును విడిచిన విలియం జేమ్స్ ఇంటను ఇట్టి దినములు వచ్చియుండును. ఆ యింటివారు ఓపిక పట్టిరి. ఆ ఓపిక ఫలము జేమ్స్ ఒక్కనికే గాక, ఆయన వాకిట నిలిచిన డు బోయిస్‌కు కూడ దక్కినది.